మంత్రాలున్న లోకంలో మంచినీళ్ల లెక్క

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు (మా హాస్టల్లో బల్ల లేదు, రెండు మంచాలు దగ్గరికి జరుపుతాం). ఒకరు గేమ్ మాస్టర్. ఊళ్లు, రాజులు, దొంగలు, రాక్షసులు అన్నీ ఆ మనిషి చేతిలో ఉంటాయి. మిగతావాళ్లది తలా ఒక పాత్ర. ఒకరు కత్తి తిప్పే సైనికుడు, ఒకరు పూజారి, ఒకరు మంత్రగత్తె. "నేను తలుపు తోస్తాను" అని ఆటగాడు అంటే తలుపు వెనక ఏముందో మాస్టర్ చెప్తాడు. తేలని చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. గెలవడం, ఓడడం అంటూ పెద్దగా ఏమీ ఉండదు, కథ ముందుకు నడవడమే ఆట. ఈ తరహా ఆటల్లో మొదటిది, ఇప్పటికీ పెద్దది డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు దాన్ని 1974లో బయటికి తెచ్చారు.

నేను రెండేళ్లుగా మా బ్యాచ్‌కి మాస్టర్‌ని. ఈ రెండేళ్లలో నాకు బాగా అర్థమైన ఒక సంగతి గురించే ఈ వ్యాసం. ఈ ఆటల లోకాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. మధ్యయుగపు యూరప్: రాతి కోట, కోటలో రాజు, బయట పొలాలు, పొలాల్లో పేద రైతులు, దారిలో ఒక సత్రం, అప్పుడప్పుడు ఒక మహమ్మారి. దాని మీద మంత్రాలు చల్లుతారు, ఉప్మా మీద కొత్తిమీర చల్లినట్టు. చనిపోయినవాణ్ణి లేపే పూజారి వీధి చివర గుడిలోనే ఉంటాడు, అయినా రాజు చనిపోతే రాజ్యం అల్లకల్లోలం అవుతుంది. గాల్లోంచి అన్నం పుట్టించగలరు, అయినా కరువు వస్తుంది. మంత్రం అంత శక్తిమంతమైతే మిగతా లోకం చెక్కుచెదరకుండా ఎలా ఉంది?

ఇలా ఎందుకు జరిగిందో చరిత్ర చూస్తే తెలుస్తుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుట్టింది యుద్ధ క్రీడల్లోంచి. దానికి ముందు 1971లో గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి చెయిన్‌మెయిల్ అని బొమ్మ సైనికులతో ఆడే మధ్యయుగపు యుద్ధాల నియమ పుస్తకం ఒకటి వేశారు. దాని చివర ఫాంటసీ అనుబంధం ఉంది. అందులో మంత్రగాడు విసిరే ఫైర్‌బాల్ ఎంత మేర తగులుతుందంటే, రాళ్లు విసిరే పెద్ద యంత్రం తగిలినంత. మెరుపు మంత్రానికి కొలత ఫిరంగి. అంటే అక్కడ మంత్రగాడు కాళ్లున్న ఫిరంగి, అంతే. యుద్ధభూమిలో నిలబడి ఉన్నంతసేపూ ఆ ఊహకు ఇబ్బంది లేదు. యుద్ధం అయ్యాక ఆ మనిషి ఊళ్లోకి వస్తే ఏం చేస్తాడన్న ప్రశ్న అప్పటికి ఎవరికీ అవసరం పడలేదు.

ఇంకొక వేరు జాక్ వాన్స్ అనే రచయిత. ఆయన 1950లో వెలువరించిన ది డయింగ్ ఎర్త్ కథల్లో మంత్రగాడు ముందుగా కొన్ని మంత్రాలు బుర్రలోకి ఎక్కించుకుంటాడు, వాడగానే అవి మాయమైపోతాయి. ఈ ఆటలో రోజుకి ఇన్ని మంత్రాలే అన్న కోటా అక్కణ్ణుంచి వచ్చింది. అయితే వాన్స్ లోకం ఆరిపోతున్న సూర్యుడి కింద అవసాన దశలో ఉంటుంది. జనం తక్కువ, మిగిలిన మంత్రాలు వందకు కాస్త పైన. ఆట ఆ కోటా పద్ధతిని తీసుకుంది కానీ దాన్ని సంతలు, గుళ్లు, గిల్డులు కిటకిటలాడే లోకంలో పెట్టింది. చావుకు దగ్గరైన ముసలాయన మందుల చీటీని కుర్రాళ్ల హాస్టల్‌కి తెచ్చినట్టు.

ఇక అసలు విషయానికి వస్తాను. మంత్రం ఎంత పెద్దదన్నది లోకాన్ని మార్చదు. ఎంతమంది చేయగలరు, రోజుకి ఎన్నిసార్లు, ఎంత ఖర్చుకు, చేసింది ఎన్నాళ్లు నిలుస్తుంది: ఈ నాలుగు అంకెలు మారుస్తాయి. అందరం ఫైర్‌బాల్ వైపు చూస్తాం. ఊరిని తలకిందులు చేసే మంత్రాలు పుస్తకంలో మొదటి పేజీల్లో, ఎవరూ ఎంచుకోని చోట ఉంటాయి. ఇక్కడి నుంచి నేను చెప్పే అంకెలన్నీ 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌వి.

ప్యూరిఫై ఫుడ్ అండ్ డ్రింక్ అనే మంత్రం చూడండి. ఒకటో స్థాయి, అంటే నిన్న గుడిలో చేరిన కుర్ర పూజారికి కూడా వస్తుంది. ఐదడుగుల వ్యాసార్ధం ఉన్న గోళంలో ఎంత తిండి, ఎంత నీరు ఉంటే అంతటిలోంచీ విషం, రోగం పోతాయి. పైగా దీన్ని క్రతువులా చేయొచ్చు. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది కానీ రోజువారీ కోటాలోంచి ఏమీ ఖర్చు కాదు. మా టేబుల్ మీద రెండేళ్లలో దీన్ని ఒక్కరే వాడారు, అదీ పాచిపోయిన మాంసం మీద.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఆ గోళం ఘనపరిమాణం సుమారు 523 ఘనపుటడుగులు, దగ్గర దగ్గర 14,800 లీటర్లు. గోళాకారంలో తొట్టి ఎవరూ కట్టరు కాబట్టి అందులో ఇమిడే ఘనాకారపు తొట్టి అనుకుందాం. భుజం 5.77 అడుగులు, నీళ్లు 5,400 లీటర్ల పైచిలుకు. పక్కపక్కనే తొట్లు కట్టి, ఒకటి ఖాళీ అవుతుండగా పూజారి ఇంకొకదాని దగ్గరికి నడుస్తాడు. ఎనిమిది గంటల డ్యూటీలో ఎంత లేదన్నా నలభై ఏడు సార్లు క్రతువు చేయొచ్చు. మొత్తం రెండున్నర లక్షల లీటర్లు. మనిషికి ఇరవై లీటర్ల చొప్పున పన్నెండు వేల ఐదొందల మందికి రోగాల్లేని నీళ్లు. ఒక్క పూజారి, అదీ అట్టడుగు స్థాయివాడు, కోటా ముట్టుకోకుండా.

1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో ఒక్క చేతిపంపు నీళ్ల వల్ల కలరా వచ్చి 600 మందికి పైగా పోయారు. కలరా నీళ్ల ద్వారా వస్తుందని జాన్ స్నో అనే డాక్టరు ఇళ్ల లెక్కలు తీసి చూపించేదాకా ఊరివాళ్లు చెడు గాలి వల్ల వచ్చిందనుకున్నారు. ఆటలోని ఊరికి జాన్ స్నో అక్కర్లేదు, కారణమే తెలియక్కర్లేదు. కుర్ర పూజారి ఒకడుంటే చాలు. కలరా, టైఫాయిడ్, రక్త విరేచనాలు ఉండవు. పుట్టిన పిల్లల్లో బతికేవాళ్లు పెరుగుతారు. ఐదుగురు కొడుకులూ పెద్దవాళ్లైతే పొలం ఐదు ముక్కలవుతుంది, చాలనివాడు పట్నం పోతాడు. మధ్యయుగంలో పట్నాలంటే మురికి, రోగం. ఇక్కడ పట్నాలు ఉబ్బిపోతాయి. అంటే మీరు గీసిన మ్యాప్‌లో మూడు వేల మంది ఉన్న "రాజధాని" చాలదు.

అంతకన్నా నాకు ముఖ్యమైంది ఇంకొకటి. ఆ నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయి? నీళ్లకు అలవాటుపడ్డ ఊళ్లో గుడివాళ్లు ఒక్క వారం క్రతువు ఆపితే సగం ఊరు మంచాన పడుతుంది. అలాంటి ఊళ్లో రాజు పన్ను వేయడానికి ముందు ఎవరి మొహం వైపు చూస్తాడు? గుడికి సైన్యం అక్కర్లేదు, తాళం చాలు. ఒక్క చిన్న మంత్రాన్ని సీరియస్‌గా తీసుకుంటే ఆర్నెల్ల ఆటకి సరిపడా రాజకీయం దొరికింది.

తిండి సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. క్రియేట్ ఫుడ్ అండ్ వాటర్ అని మూడో స్థాయి మంత్రం. పేరు వింటే కరువులు పోయాయనిపిస్తుంది. చదివితే ఒకసారికి పదిహేను మందికి ఒక రోజు తిండి. ఐదో లెవెల్ పూజారి దాన్ని రోజుకి రెండుసార్లు చేయగలడు. ముప్ఫై మంది, ఒక పెళ్లి బస్సులో సగం. పదివేల మంది ఊరికి అలాంటి పూజారులు మూడు వందల ముప్ఫై నలుగురు కావాలి. గుడ్‌బెర్రీ అని ఒకటో స్థాయిది ఇంకొకటి ఉంది. పది పళ్లు పుడతాయి, ఒక్కో పండు తింటే ఒక మనిషికి ఆ రోజంతటికీ సరిపడా బలం. మొదటి లెవెల్ డ్రూయిడ్, అంటే అడవిని కొలిచే మంత్రగాడు, రోజుకి ఇరవై మందిని పోషిస్తాడు. అదే డ్రూయిడ్ ఐదో లెవెల్‌కి వచ్చి కోటా మొత్తం దీనికే వాడితే తొంభై మంది. చూశారా, చిన్న మంత్రమే పెద్దదాన్ని మూడింతలు దాటేసింది. అయినా ఇవి ముట్టడిలో ఉన్న కోటకి, ఓడకి, జైలుకి పనికొస్తాయి గానీ దేశానికి కాదు. రోజూ చేయాలి, రోజూ అయిపోతుంది.

దేశాన్ని మార్చేది ప్లాంట్ గ్రోత్. ఇదీ మూడో స్థాయే. ఎనిమిది గంటలు కూర్చుని చేస్తే చుట్టూ అర మైలు మేర నేల ఒక ఏడాదిపాటు సారవంతమవుతుంది, దిగుబడి రెట్టింపు. అర మైలు వ్యాసార్ధం అంటే దాదాపు 500 ఎకరాలు. మంత్రగాడు ఏడాదిలో రెండు వందల రోజులు పనిచేస్తే లక్ష ఎకరాలు. ఒక్క మనిషి! ఇది అన్నం పుట్టించదు, అన్నం పుట్టించేదాన్ని పెంచుతుంది. పైగా చేసింది ఏడాది నిలుస్తుంది. తేడా అంతా అక్కడే.

అలాంటి రాజ్యం ఎలా ఉంటుందని మావాళ్లను అడిగితే "అందరూ సుఖంగా ఉంటారు" అన్నారు. మా ఇంట్లో వ్యవసాయం ఉంది కాబట్టి నాకు వెంటనే నమ్మకం కలగలేదు. పంట రెట్టింపైతే కోతకూలీలు, బళ్లు, గాదెలు అన్నీ ఎక్కువ కావాలి, ఎలుకలు ఎలాగూ ఎక్కువవుతాయి. ధర మాత్రం తగ్గుతుంది. మదనపల్లె మార్కెట్లో టమాటా ఎక్కువొచ్చిన ఏడు రైతులు రోడ్డు మీద పారబోసి పోవడం మనం టీవీలో చూస్తూనే ఉంటాం. తర్వాత కౌలు. పెరిగిన సగం పంట ఎవరిది? డ్రూయిడ్‌కి డబ్బిచ్చింది జమీందారు అయితే ఆయన నాదంటాడు. దున్నిన కౌలురైతు నాదంటాడు. డ్రూయిడ్ ఏమంటాడు? ఈ ఆటలో డ్రూయిడ్లు అడవి పక్షం కాబట్టి "రెట్టింపు పండింది కదా, సగం భూమి అడవికి వదలండి" అనొచ్చు. ముగ్గురికీ న్యాయం ఉంది. కత్తి తీయకుండా మూడు వారాలు నడిచే ఘర్షణ ఇది. నా మటుకు నాకు డ్రాగన్ కన్నా ఇదే ఎక్కువ పనికొచ్చింది.

నిలిచే మంత్రాలకు ఇంకో ఉదాహరణ కంటిన్యువల్ ఫ్లేమ్. వేడి లేని జ్వాల, ఎవరైనా భంగం చేస్తే తప్ప ఎప్పటికీ ఆరదు. 50 బంగారు నాణేల విలువైన కెంపు పొడి ఖర్చవుతుంది. ఖరీదే. కానీ మామూలు దీపానికి సీసా నూనె ఒక వెండి నాణెం, ఆరు గంటలు వెలుగుతుంది. పన్నెండు గంటల రాత్రికి రెండు వెండి. పది వెండి ఒక బంగారం కాబట్టి 50 బంగారం అంటే 250 రాత్రుల నూనె. మంత్రగాడి ఫీజు వదిలేస్తే ఏడాది తిరగకముందే పెట్టుబడి వెనక్కి వచ్చింది. లెక్క తెలిసిన ఏ పురపాలకుడైనా వీధి దీపాలు పెట్టిస్తాడు. నూరేళ్లకి ఆ ఊళ్లో చీకటి సందు ఉండదు. దొంగ పాత్ర వేసుకున్న మా ఫ్రెండ్‌కి ఇది అస్సలు నచ్చలేదు. వెలుగు అందుకోని పేదల వాడ ఎక్కడుందో అడిగి, మకాం అక్కడికి మార్చాడు. మ్యాప్‌లో ఆ వాడ అప్పటిదాకా లేదు. ఆ ప్రశ్నతో పుట్టింది.

రవాణా, వార్తల గురించి క్లుప్తంగా. టెలిపోర్టేషన్ సర్కిల్‌ని ఒకే చోట ఏడాదిపాటు రోజూ గీస్తే అది శాశ్వతమైపోతుంది. రోజుకి 50 బంగారం చొప్పున 18,250. తర్వాత వేరే ఊళ్లలో ఉన్న తొమ్మిదో లెవెల్ మంత్రగాళ్లు తమ దగ్గర వలయం గీసి నేరుగా అక్కడికి దారి తెరవొచ్చు. కానీ ఆ దారి ఉండేది ఒక్క రౌండు, అంటే ఆరు సెకన్లు. అందులోంచి బియ్యం బస్తాలు ఎన్ని పోతాయి? కుంకుమపువ్వు, వజ్రాలు, గూఢచారి పోతారు. కాబట్టి రేవులు, బళ్ల దారులు బతికే ఉంటాయి. సెండింగ్ అనే మంత్రం ఎంత దూరానికైనా ఇరవై ఐదు మాటలు మోస్తుంది. మన దేశంలో 2013లో ఆగిపోయిన టెలిగ్రామ్ అన్నమాట. వార్త ఒక్క క్షణంలో చేరుతుంది, సైన్యం నెలకి చేరుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీలో వ్యాపారులు కోటీశ్వరులవుతారు.

కోటల గురించి కూడా ఒక మాట. ఎగిరే మంత్రం ఉన్న లోకంలో ఎత్తు గోడలు ఎందుకని చాలామంది అడుగుతారు. నాకైతే తలుపు దగ్గరి కాపలావాడి గురించి ఎక్కువ బెంగ. ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించినా లొంగని గోల్కొండ 1687లో పడింది ఫిరంగులకు కాదు, లోపలివాడు తలుపు తీసినందుకు. ఆటలో ఛార్మ్ పర్సన్ ఒకటో స్థాయి మంత్రం. పారిందంటే కాపలావాడు మిమ్మల్ని గంటసేపు స్నేహితుడనుకుంటాడు. గంట తర్వాత సంగతి వాడికి తెలిసిపోతుంది, కానీ అప్పటికి తలుపు తీసి ఉంటుంది. అందుకే మా ఆటలో కోట తలుపుకి మూడు తాళాలు, ముగ్గురు కాపలావాళ్లు. ఒకరి మొహం ఇంకొకరు చూసుకోరు.

ఈ ప్రశ్నకి గేమ్ డిజైనర్లు కూడా జవాబులు వెతికారు. విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ 2002లో కొత్త లోకం కోసం పోటీ పెడితే పదకొండు వేల దాకా ప్రతిపాదనలు వచ్చాయి. గెలిచింది కీత్ బేకర్ రాసిన ఎబెరాన్, 2004లో పుస్తకమై వచ్చింది. ఆయన ఎత్తుకున్న సూత్రం నేను పైన లాగిన లెక్కే. మహా మంత్రగాళ్లు అరుదు, చిన్న మంత్రాలు ఊరంతా. దీపాలు వెలిగించే మంత్రం మాత్రమే వచ్చిన వృత్తిపనివాళ్లు ఉంటారు. మెరుపు రైలు ఉంది, ఎగిరే ఓడలున్నాయి. అవన్నీ కొన్ని వంశాల గుత్తాధిపత్యం: రైలు ఓరియన్ వాళ్లది, కబుర్లు సివిస్ వాళ్లవి, వైద్యం జొరాస్కో వాళ్లది, అదీ ఫీజు కడితేనే. కానిత్ వంశం యుద్ధం కోసం ఆలోచించగలిగే యంత్ర సైనికులను తయారుచేసింది. సంధి పత్రంలో వాళ్లకి స్వేచ్ఛ రాసిచ్చారు. యుద్ధానికే పుట్టినవాడు యుద్ధం అయిపోయాక ఏం చేయాలి? మంత్రాన్ని పరిశ్రమగా చూసినప్పుడే ఇలాంటి ప్రశ్న పుడుతుంది.

1991లో వచ్చిన డార్క్ సన్ ఖర్చు అనే అంకెను పట్టుకుంది. అక్కడ మంత్రగాడు చుట్టుపక్కల మొక్కల ప్రాణం పీల్చి మంత్రం వేస్తాడు. జాగ్రత్తగా చేసేవాళ్లు కొందరుంటారు, తొందరపడి నేలను బూడిద చేసేవాళ్లు చాలామంది. ఫలితంగా లోకమంతా ఎడారి. వాడుకున్నవాడు ఒకడు, ఎండిపోయిన పొలం ఇంకొకడిది. ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ పేపర్‌లో ఎక్స్‌టర్నాలిటీ మీద రాసిన జవాబు కన్నా ఇది నాకు బాగా గుర్తుండిపోయింది.

ఆర్స్ మ్యాజికాది వేరే దారి. జొనాథన్ ట్వీట్, మార్క్ రైన్-హేగెన్ కలిసి 1987లో చేసిన ఆట. నిజమైన పదమూడో శతాబ్దపు యూరప్, అందులో భయంకరమైన శక్తి ఉన్న మంత్రగాళ్లు. మరి యూరప్ ఎందుకు మారలేదు? రెండు కారణాలు పెట్టారు. మంత్రశక్తి ఉన్నవాణ్ణి చూస్తే మామూలు జనానికి ఎందుకో తెలియని అనుమానం, వెగటు కలుగుతాయి. ఇక మంత్రగాళ్ల సంఘం తన సభ్యులు రాజుల కొలువులో చేరకూడదని, లోకవ్యవహారాల్లో వేలు పెట్టకూడదని కట్టడి చేసింది. మంత్రాన్ని తగ్గించలేదు, మంత్రగాణ్ణి వెలివేశారు. లోకాన్ని మార్చకుండా ఆపడానికి నాకు తెలిసినవాటిలో ఇదే నిజాయితీ గల మార్గం. ఫర్గాటెన్ రెల్మ్స్‌లో అయితే కార్సస్ అనే మంత్రగాడు దేవత స్థానాన్నే లాక్కోబోయి, ఎగిరే నగరాలు కూలిపోయిన కథ చెప్పి తప్పుకుంటారు. కథ బాగుంటుంది, నా ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది.

ఇంతకీ ఇది మనకి కొత్త సంగతేమీ కాదు. నన్నయగారి ఆదిపర్వంలో కచుడి కథ తీసుకోండి. శుక్రాచార్యుడికి మృతసంజీవని విద్య తెలుసు, దేవతల గురువు బృహస్పతికి తెలియదు. ఒక పక్షంలో చచ్చినవాళ్లు మళ్లీ లేస్తుంటే యుద్ధం లెక్క తప్పుతుంది. అప్పుడు దేవతలు ఇంకా పెద్ద ఆయుధం వెతకలేదు, బృహస్పతి కొడుకును శిష్యుడి వేషంలో పంపారు. విద్య దొంగిలించబడుతుందని రాక్షసులకి అర్థమై కచుణ్ణి చంపుతారు, శుక్రుడు లేపుతాడు. ఆఖరికి బూడిద చేసి మద్యంలో కలిపి గురువుకే తాగించారు. లోపలున్న శిష్యుడికి విద్య నేర్పితే తప్ప ఇద్దరూ బతకరు. ఆ తర్వాత శుక్రుడు చేసిన పని మద్యపానాన్ని పాపమని శాసించడం. ఒక్క మంత్రం, దాని చుట్టూ గూఢచర్యం, గురుశిష్య ధర్మం, చివరికి ఒక చట్టం. అక్షయపాత్ర కూడా అంతే. ద్రౌపది తినేశాక ఆ రోజుకి ఇక ఏమీ రాదన్న ఒక్క షరతు లేకపోతే దుర్వాసుడి రాకలో కథే లేదు.

మళ్లీ ఆటకి వస్తే, సంజీవని పేరు అక్కడ రెయిజ్ డెడ్. ఐదో స్థాయి. చనిపోయి పది రోజులు దాటకూడదు, ప్రాణాలు నిలిపే అవయవాలు ఉండాలి, ఆత్మ ఒప్పుకోవాలి, 500 బంగారు నాణేల వజ్రం కరిగిపోవాలి. ఈ షరతుల్లో ఒక్కొక్కటీ ఒక్కో ఆచారాన్ని పుట్టిస్తుంది. రాజును చంపడానికి వచ్చినవాడు తల పట్టుకుపోతాడు. యువరాజుకి పదో రోజు దాటేదాకా పట్టాభిషేకం చేయరు. మన ఇళ్లలో పదో రోజు కర్మకీ దీనికీ సంబంధం లేదు గానీ, మా టేబుల్ మీద నేను ఆ మాట చెప్పగానే ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైంది వజ్రం. అదే పుస్తకంలో కూలి రేటు రోజుకి రెండు వెండి. 500 బంగారం అంటే 5,000 వెండి, 2,500 రోజుల కూలి, తిండి మానేసి దాచినా దాదాపు ఏడేళ్లు. తిండి మానలేడు కాబట్టి మురికివాడలో రోజుకి ఒక వెండితో బతికి ఒక వెండి దాస్తే 5,000 రోజులు, పదమూడేళ్ల పైన. అంటే ఈ లోకంలో చావు రెండు రకాలు. ధనవంతులకి అది పది రోజుల జబ్బు.

పేదవాళ్లు ఊరుకుంటారా? మా ఆటలో ఒక రేవు పేట ఉంది. ఏం చేస్తారని ఆలోచిస్తే మనకి తెలిసిన జవాబే తట్టింది: చీటీ వేస్తారు. వంద కుటుంబాలు, వారానికి తలా ఒక వెండి. యాభై వారాలకి ఒక వజ్రం. పూజారి పేటవాడే, ఫీజు అడగడు. మామూలు చీటీ పాట పాడినవాడికి పోతుంది, ఇది చనిపోయినవాళ్లకి పోతుంది.

కానీ వంద కుటుంబాల్లో ఏడాదికి ఒక్కరే పోరు కదా. ఇక్కడ మా పూజారి పాత్రధారిణి పుస్తకంలోంచి ఇంకో చిన్న మంత్రం తీసింది. జెంటిల్ రిపోజ్, రెండో స్థాయి. శవం కళ్ల మీద రెండు రాగి నాణేలు పెట్టి చేస్తే పది రోజులు కుళ్లదు, ఆ పది రోజులూ రెయిజ్ డెడ్ గడువులో లెక్కకి రావు. దీన్నీ క్రతువుగా చేయొచ్చు, కోటా ఖర్చుండదు. పది రోజులకోసారి మళ్లీ చేస్తే ఎన్నాళ్లైనా ఆపొచ్చు. దీన్ని చదివి వినిపించాక రెండు మంచాల మీద ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

దాంతో ఆ పేటలో ఒక పొడుగాటి ఇల్లు వెలిసింది. పాత ఉప్పు గోదాము. లోపల వరసగా చాపలు, చాపల మీద కళ్లపై రాగి నాణేలతో పడుకున్నవాళ్లు. ఇప్పటికి పదకొండు మంది. ఏడాదికి ఒక వజ్రం. పేటవాళ్లు పండక్కి వెళ్లి వాళ్ల పక్కన కూర్చుని వస్తారు. ఎవరూ దహనం చేయరు, ఎవరూ ఏడుపు ముగించరు. విధవ అని పిలవాలో లేదో తెలియని ఆడవాళ్లు ముగ్గురున్నారు. ఎవరి తర్వాత ఎవరన్నది చీటీ పెద్ద దగ్గర కాగితం మీద ఉంది.

ఈ ఏడాది వజ్రం వచ్చేసింది. వరసలో మొదటివాడు ఆరేళ్ల కిందట పడవ మునిగి పోయిన యాభై ఏళ్ల సరంగు, అతని భార్య ఆరేళ్లుగా ఒక్క వారం చీటీ ఎగ్గొట్టలేదు. ఎనిమిదో చాప మీద జ్వరంతో పోయిన ఏడేళ్ల పాప. పదకొండోది చీటీ పెద్ద కొడుకు, మొన్ననే వచ్చాడు. కాగితం ప్రకారం పోదామని మా సైనికుడు, పాపని ముందు లేపాలని మా దొంగ. అందరినీ దహనం చేసి ఆ డబ్బుతో నీళ్ల తొట్లు కట్టిస్తే ఇంకో ఎనిమిదో చాప రాదని మా పూజారిణి. పేటవాళ్లు ఈ ముగ్గురినీ మధ్యవర్తులుగా కూర్చోబెట్టారు. పోయిన శనివారం రాత్రి రెండింటి దాకా వాదించుకుని లేచారు, పాచిక ఒక్కసారి కూడా వేయలేదు. మిడ్స్ అయ్యాక మళ్లీ కూర్చుంటాం.